కన్ను ఎర్రబడితే ఆ రోజే వెళ్లు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు అని తేలిందని మీ నాన్న చెప్పాడు. నడుము సంగతి మీ డాక్టరు చూసుకుంటారు, వ్యాయామం మాత్రం మానకు. ఇన్నేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్నవాణ్ణి కాబట్టి కంటి గురించి నేను చెప్పాలి.

మనలాంటి వాళ్లలో నలుగురిలో ఒకరికైనా ఎప్పుడో ఒకప్పుడు యువైటిస్ వస్తుంది. అంటే కంటి లోపలి వాపు. నడుము హాయిగా ఉన్న రోజుల్లోనూ రావచ్చు. ఎక్కువగా ఒక కంటికే, ఉన్నట్టుండి వస్తుంది. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు, లోపల సలుపు, మసక, వెలుతురు భరించలేకపోవడం. కండ్లకలకలోలా పుసి కట్టదు. బాగున్న కంటిమీద వెలుగు పడినా ఎర్రబడిన కన్నే నొప్పి పెడుతుంది చూడు, అది గట్టి గుర్తు. రెండు కంటిపాపలూ ఒకేసారి ముడుచుకుంటాయి కదా, అందుకు.

అప్పుడు మందుల షాపులో చుక్కలు కొని వేసుకోవద్దురా. ఆ ఎరుపు వైరస్ వల్ల వచ్చిందైతే స్టెరాయిడ్ చుక్కలు కంటిని పాడుచేస్తాయి. అదేమిటో కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో, అంటే సన్నటి వెలుగు వేసి కంటిని పెద్దదిగా చూపే యంత్రంతో చూస్తేనే తేలుతుంది. కంటి డాక్టరు దగ్గర కూర్చోగానే నీ వెన్ను జబ్బు సంగతి చెప్పు. ఆయనకు అది చాలా పెద్ద ఆధారం.

రెండు రకాల చుక్కలు ఇస్తారు. ఒకటి పాపను పెద్దది చేసేది. వాపులో పాప వెనక ఉన్న లెన్స్‌కి అతుక్కుపోకుండా కాపాడుతుంది. దాంతో దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి, టెన్షన్ పడకు, బండి మాత్రం నడపకు. రెండోది స్టెరాయిడ్. మొదట్లో గంటగంటకూ వేయమనవచ్చు. సీసా బాగా ఊపి, కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసి, ముక్కు పక్క మూలను వేలితో కాసేపు నొక్కిపట్టు. రెండో మందుకి 5 నిమిషాలు ఆగు.

కొద్ది రోజులకే నొప్పి పోతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది అప్పుడే. చుక్కలు వారాల తరబడి మెల్లగా తగ్గించాలి, ఒక్కసారి ఆపితే వాపు తిరగబెడుతుంది. కంటి ప్రెషర్ కూడా చూపించుకుంటూ ఉండాలి.

మళ్లీ మళ్లీ వస్తుంటే కీళ్ల డాక్టరుకి తప్పక చెప్పు. బయోలాజిక్ మందు, అంటే వాపు పుట్టించే పదార్థాలను ఒంట్లో అడ్డుకునే ఇంజెక్షన్ ఎంచుకునేటప్పుడు వాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆ మందుల్లో, కంటి విషయంలో ఎటానర్‌సెప్ట్ కంటే అడాలిముమాబ్ మెరుగు.

కన్ను బాగున్నప్పుడే, ఈ వారంలోనే, కంటి డాక్టరును ఒకసారి కలువు. సెలవు రోజున వస్తే ఎక్కడికి రావాలో అడిగి నంబరు ఫోనులో పెట్టుకో.

మీ పెదనాన్న