ఫోకస్ ముందే పెట్టుకోండి

ప్రశ్న: వీధిలో మనుషుల్ని సహజంగా తీద్దామంటే ఆటోఫోకస్ కాస్తా వెనక గోడను పట్టుకుంటోంది. ఈలోగా మనిషి దాటిపోతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆటోఫోకస్ ఆపేయండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (సెన్సారు 35 ఎం.ఎం. ఫిల్ము ఫ్రేమంత ఉండేది), 35 ఎం.ఎం. లెన్సు, లెన్సు రంధ్రం (ఎపర్చరు) ఎఫ్/8. ఫోకస్ 3 మీటర్ల దగ్గర పెడితే సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/2.8కి తెరిచారా, ఆ మేర మీటరు పైచిలుకుకు పడిపోతుంది. షట్టరు వేగం 1/500 సెకను, ఐఎస్ఓ (కాంతికి సెన్సారు స్పందించే స్థాయి) ఆటో. 1/60 సెకనులో నడిచే మనిషి రెండు సెంటీమీటర్లు జరుగుతాడు, ఎత్తిన కాలు ఇంకా ఎక్కువ. పాదాలు అలుక్కుపోయేది అందుకే.

జూమ్‌తో దూరం నుంచి తీయకండి, దొంగచూపులా ఉంటుంది. అమెరికా వీధి ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 28 ఎం.ఎం.తో దగ్గరికే వెళ్ళేవారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్‌ది ఎక్కువగా 50. ఆయన తన లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్ల టేపు అంటించేవారు. 1932లో పారిస్‌లో ఆయన తీసిన ఫొటో చూడండి: దూకుతున్న మనిషి మడమ నీటిని ఇంకా తాకలేదు.