గజ్జెలు విప్పి, మేకుల బూట్లు తొడిగే ముందు

ప్రశ్న: పెళ్లికి ముందు విజయవాడలో ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. మావారి ఉద్యోగరీత్యా ఇప్పుడు స్పెయిన్‌లోని సెవియాలో ఉంటున్నాం. ఇక్కడి సంప్రదాయ నృత్యం ఫ్లమెంకో. కొత్తవారి కోసం పెట్టిన రెండు రోజుల ఫ్లమెంకో వర్క్‌షాపుకు పేరు ఇచ్చాను. నాకు 43 ఏళ్లు, స్పానిష్ అంతంతమాత్రం. నేర్చుకున్న కూచిపూడి అక్కడ పనికొస్తుందా, అడ్డం వస్తుందా? ఏం తొడుక్కుని వెళ్లాలి?
— ఒక పాఠకురాలు, సెవియా

జవాబు: తప్పకుండా పనికొస్తుంది, అయితే పాదాల కంటే ముందు మీ చెవికీ అరచేతులకూ పనికొస్తుంది. కొత్తవారి తరగతి చాలాసార్లు చప్పట్లతోనే మొదలవుతుంది. వాటిని పాల్మాస్ అంటారు. అరచేతులను కాస్త గుంట చేసి కొడితే వచ్చే మెత్తని చప్పుడు ఒకటి, ఒక చేతి వేళ్లతో రెండో అరచేతి మీద కొడితే పలికే పదునైన చప్పుడు మరొకటి. గాయకుడు గొంతెత్తినప్పుడు ఆ గొంతు మరుగున పడకుండా మెత్తని చప్పుడే వాడతారు. ఆ చప్పట్ల దగ్గర విసుగు పడకండి, ఎందుకంటే మనం తాళం అనేదాన్ని వాళ్లు కొంపాస్ అంటారు, అది తప్పితే ఎంత అందమైన అడుగైనా అక్కడ లెక్కలోకి రాదు.

మొదటి వర్క్‌షాపులో సాధారణంగా ఫ్లమెంకో రీతుల్లో నాలుగు దెబ్బల తాంగోస్ గానీ, మూడు దెబ్బల సెవియానాస్ గానీ నేర్పుతారు. (ఈ తాంగోస్ వేరు, అర్జెంటీనా టాంగో వేరు.) రెండు రోజుల్లో మీ చెవిన పడే అసలు సమస్య 12 దెబ్బల ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు. బులెరియాస్ అనే రీతిని చాలామంది గురువులు పన్నెండు నుంచే లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఊనికలు 12, 3, 6, 8, 10 మీద పడతాయి. అంకెలుగా వింటే తికమకగా ఉండే ఈ లెక్కను తకిట తకిట తక తక తక అని నోటితో చెప్పుకుని చూడండి, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద ఊనిక సరిగ్గా కూర్చుంటుంది. సొలెయా అనే మరో రీతిలో మాత్రం లెక్క ఒకటితో మొదలై, పదో దెబ్బ మీద వాక్యం ముగుస్తుంది. సమం మీదికి, అంటే ఆవర్తం మొదటి దెబ్బ మీదికి, వచ్చి ఆగే అలవాటున్న మనకు ఇది మెట్టు తప్పినట్టు అనిపిస్తుంది, నాకు ఆ వెలితి పోవడానికి చాలా వారాలు పట్టింది.

ఇక అడ్డం వచ్చేది అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చున్నట్టు నిలబడే మన భంగిమ. అక్కడ మోకాళ్లు పక్కలకు తెరుచుకోకుండా, పాదాలు ముందుకు చూస్తుండగా, మోకాళ్లను కొద్దిగా వదులు చేసి నిలబడాలి. పాదమంతా కొట్టే గోల్పే మీకు తట్టడుగులాగే తోస్తుంది గానీ, మునిపాదంతో కొట్టే ప్లాంతా, మడమతో కొట్టే తకోన్ వేరువేరుగా పలకడానికి ఓపిక కావాలి. చేతుల విషయంలో మీరు అదృష్టవంతులు: అలపద్మం అనే హస్తముద్రలో చిటికెన వేలి నుంచి వేళ్లు విచ్చుకోవడం తెలిసిన చేతికి ఫ్లొరెయో అనే మణికట్టు తిప్పుడు తొందరగా పట్టుబడుతుంది. సెవియానాస్‌లో దాన్ని ఆపిల్ కోసుకో, కొరుకు, విసిరెయ్ అంటూ నేర్పుతారు. అయితే అక్కడ హస్తానికి వినియోగం, అంటే ముద్రకు కేటాయించిన అర్థం, ఉండదు, అర్థం చెప్పాలని చూడకండి, నవ్వు ముఖాన్ని కూడా బలవంతాన తెచ్చుకోకండి.

అసలైన ఫ్లమెంకో బూట్లకు మునివేళ్ల దగ్గరా మడమ కిందా చిన్న మేకులు దట్టంగా కొట్టి ఉంటాయి. మొదటి రోజుకే వాటిని కొనవద్దు. నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పాటి మడమతో, పాదాన్ని గట్టిగా పట్టుకునే బూట్లు చాలు. రబ్బరు అడుగు నేలను పట్టేసి మోకాలిని మెలితిప్పుతుంది కాబట్టి స్పోర్ట్స్ షూలు వద్దు. చీలమండలు గురువుకు కనిపించే పొడవున్న ఘేరు స్కర్టు వేసుకోండి. మోకాలి నొప్పి ఇప్పటికే ఉంటే వైద్యుణ్ని అడిగి వెళ్లండి, వయసు గురించి మాత్రం బెంగ వద్దు. భాషకు ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వస్తే చాలు, పది తర్వాత చాలామంది మళ్లీ ‘ఉన్, దోస్’ అని ముగిస్తారని గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఫ్లమెంకో మన దేశం నుంచి వెళ్లిన నాట్యమేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మనుషులు వెళ్లారు. స్పెయిన్‌లో హితానోలు అనే రోమా (జిప్సీ) ప్రజల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట వాయవ్య భారతం నుంచి కదిలారని వారి భాషే చెబుతోంది. 15వ శతాబ్దంలో వారు స్పెయిన్ చేరారు. ఫ్లమెంకో మాత్రం దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలోనే, హితానోల గానమూ స్థానికుల పాటలూ కలిసి రూపుకట్టి, 19వ శతాబ్దపు కేఫుల వేదికల మీద పెరిగింది. 2010లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అది ఉత్తర భారత నాట్యమైన కథక్ నుంచి పుట్టిందనడానికి ఆధారం లేదు. కథక్, ఫ్లమెంకో కలిపి చేసే ప్రదర్శనలంటే నాకు ఇష్టమే. కానీ 1749లో స్పెయిన్ రాజాజ్ఞతో వేల సంఖ్యలో నిర్బంధానికి గురై కూడా ఆ పాటను కాపాడుకున్నవారి ముందు నిలబడి అది మాదే అనడం నాకు న్యాయంగా తోచదు.