యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో కుయ్ శబ్దం: ముందు గ్రౌండ్ చూడండి

కారు ఇంజిన్ ఆపి ఉంటే స్టీరియోలో పాట శుభ్రంగా ఉంది, స్టార్ట్ చేయగానే కుయ్‌మంటోంది, రేజ్ చేసేకొద్దీ పెరుగుతోంది అన్నారు కదండీ. అది ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే భాగం, వల్ల వచ్చే శబ్దమే. శబ్దం ఆపే ఫిల్టర్ కొనడానికి తొందరపడకండి, అది రోగాన్ని కప్పిపెడుతుందంతే.

ఆంప్లిఫయర్ ఆఫ్ చేసి, ఆర్‌సీఏ కేబుళ్లు (స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చేవి) దాని దగ్గర పీకి, మళ్లీ ఆన్ చేసి వినండి. శబ్దం అలాగే ఉంటే తప్పు కరెంటు, గ్రౌండ్ (కారు బాడీ ద్వారా బ్యాటరీ మైనస్‌కు కలిపే కనెక్షన్) వైపుది. పోతే సిగ్నల్ వైపుది.

గ్రౌండ్‌ని మల్టీమీటరు ఓం రేంజిలో కొలవకండి. మీటరు వైర్లకే 0.3 ఓం దాకా ఉంటుంది, ఏమీ తేలదు. డీసీ వోల్ట్స్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తూ, పాట గట్టిగా మోగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఆంప్లిఫయర్ గ్రౌండ్ టెర్మినల్‌కూ మధ్య చూడండి. 0.1 వోల్టు లోపుంటే మంచిదే. 0.5 చూపిస్తే గ్రౌండ్ సరిగా పట్టలేదు. సీటుబెల్టు బోల్టుకు బిగించి ఉంటే వెంటనే తీసేయండి, అది ప్రాణాలు కాపాడాల్సిన బోల్టు. బాడీ రేకు మీద పెయింట్‌ను లోపలి లోహం మెరిసేదాకా గీకి, రింగ్ లగ్ (వైరు చివర బిగించే గుండ్రటి కొస), స్టార్ వాషర్ (పళ్లున్న వాషర్)తో బిగించండి. వైరు 45 సెంటీమీటర్లు దాటకూడదు, మందం పాజిటివ్ వైరంతే ఉండాలి.

సిగ్నల్ వైపుదైతే, పీకిన ఆర్‌సీఏ కేబుల్ బయటి రింగుకూ స్టీరియో బాడీకీ మధ్య మీటరుతో కంటిన్యూయిటీ (కనెక్షన్ కలిసి ఉందా అని) చూడండి. బీప్ రాకపోతే, కేబుల్ తెగకుండా ఉంటే, స్టీరియో లోపలి సన్న గ్రౌండ్ ఫ్యూజ్ పోయి ఉండొచ్చు. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పీకి పెడితే పోయేది ఎక్కువగా అదే.