అంబాసిడర్ గట్టి ఇనుము బండి కదా, ఇప్పటి డిజైర్ కంటే అదే సేఫ్ కాదా?

కాదు. రేకు మందంగా ఉంటే లోపలివాళ్లు క్షేమంగా ఉంటారనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

ఢీకొన్నప్పుడు బండి వేగంలోని శక్తి ఎక్కడికో పోవాలి. డిజైర్‌లో ముందుభాగం కావాలనే నలిగిపోయేలా చేస్తారు. అది నలుగుతూ దెబ్బను తాను తీసుకుంటుంది, మనుషులు కూర్చునే క్యాబిన్ మాత్రం గట్టి ఉక్కుతో ఆకారం చెడకుండా నిలుస్తుంది. అంబాసిడర్ 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు డిజైన్, అప్పటికి ఈ ఆలోచన మామూలు కార్లలోకి రాలేదు. చిన్న గుద్దుకు సొట్ట పడకపోవచ్చు కానీ పెద్ద ప్రమాదంలో ఆ ఊపంతా మన ఛాతీకి, మెడకు తగులుతుంది. ఎయిర్‌బ్యాగులూ ఉండవు. 2024లో వచ్చిన డిజైర్‌కు ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో పెద్దల భద్రతకు ఐదు స్టార్లు వచ్చాయి.

ఇంజిన్ సంగతి కూడా అంతే. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది సుమారు 50 హార్స్‌పవర్. డిజైర్ 1197 సీసీతోనే 80 దాటుతుంది.

అయితే వెనక సీటు విషయంలో నా ఓటు ఇప్పటికీ అంబాసిడర్‌కే. ముగ్గురు పెద్దవాళ్లు, ఒళ్లో పిల్లలతో సహా, హాయిగా కూర్చునేవారు. రిపేరు కూడా ఊళ్లో ఏ మెకానిక్ అయినా స్పానర్లతో చేసేసేవాడు, ఇప్పటి కార్లకు కంప్యూటర్ స్కానర్ పెట్టాల్సిందే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగింది.

మీ దగ్గర ఒకటుంటే దాచుకోండి, ఆదివారం ఊళ్లో తిప్పండి. హైవే మీద కుటుంబంతో వెళ్లేటప్పుడు మాత్రం కొత్తదే తీయండి, వెనకవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.