మా అబ్బాయి షెరిఫ్ డిప్యూటీ అవుతానంటున్నాడు, ఎఫ్‌బీఐ వైపు మళ్ళించాలా?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి రాశారు. కొడుక్కి ఇరవై ఏళ్ళు, కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం, అమెరికా పౌరుడే. డిగ్రీ అయ్యాక కౌంటీ (మన జిల్లాలాంటిది) షెరిఫ్ ఆఫీసులో డిప్యూటీగా, అంటే కౌంటీ పోలీసుగా చేరతానని భీష్మించుకు కూర్చున్నాడట. వాళ్ళ నాన్నగారికి మింగుడుపడటం లేదు. ఆవిడ అడిగినవి మూడు. ప్రాణానికి ప్రమాదం ఎంత? షెరిఫ్ ఆఫీసు మంచిదా, సిటీ పోలీసు మంచిదా? పోనీ, చదువు క్రిమినల్ జస్టిస్‌కో (నేరాలు, పోలీసు, కోర్టుల గురించిన చదువు) సైబర్ సెక్యూరిటీకో మార్పించి, కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి పంపితే ఎలా ఉంటుంది?

అమ్మా, మీ ఉత్తరంలో ప్రమాదం ఊసు ఒక్క వాక్యమే. మిగతాదంతా నలుగురికీ ఏం చెప్పుకోవాలి, రేపు సంబంధాలు ఎలా వస్తాయి అన్న బెంగే. ముందు దాని సంగతి చూద్దాం. మన ఊళ్ళో ఆఫీసర్ ఇంటికి కూరగాయలు మోసే కానిస్టేబుల్‌ని చూసి మీరు పెట్టుకున్న లెక్కతో మీ అబ్బాయి ఉద్యోగాన్ని తూస్తున్నారు. 2023 మే నాటి అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో గస్తీ తిరిగే పోలీసు, షెరిఫ్ ఆఫీసర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 72,280 డాలర్లు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 132,270. తేడా పెద్దదే, దాచను. అయితే ఆ 72 వేలల్లో ఓవర్‌టైమ్ కలవలేదు, పెన్షన్ అసలే కలవలేదు. ఈ జీతంతో ఇల్లు గడవదని మీరు అనలేరు. పరువు తక్కువని మాత్రమే అనగలరు. ఆ పరువు మీది, ఉద్యోగం వాడిది.

ఇక ప్రమాదం. హారిస్ కౌంటీలో మొదటి సిక్కు డిప్యూటీ సందీప్ ధాలివాల్‌ని 2019 సెప్టెంబరు 27న ఒక ట్రాఫిక్ స్టాప్ దగ్గర వెనకనుంచి కాల్చి చంపారు. అలాంటిది జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. డ్యూటీలో ప్రాణాలు తీసేవాటిలో ముందు వరసలో ఉండేవి తుపాకీ, రోడ్డు. రెండోది చాలావరకు వాడి చేతిలోనే ఉంది. సీటు బెల్టు పెట్టుకోవడం, సైరన్ వేసుకున్నా కూడలిలో వేగం తగ్గించడం, హైవే అంచున అవసరానికి మించి నిలబడకపోవడం. మొదటిదానికి జాగ్రత్తలు అలవాటయ్యేదాకా చేయిస్తారు. కారు దిగకముందే నంబర్ ప్లేటు, ఉన్న చోటు డిస్పాచ్‌కి (రేడియో కంట్రోల్ రూమ్‌కి) చెప్పాలి. హైవే మీదైతే వచ్చేపోయే బళ్ళకు ఎడంగా, ఆపిన కారుకు కుడివైపు నుంచి వెళ్ళాలి. ముందు, వెనక డోర్ల మధ్య స్తంభానికి కాస్త వెనకే నిలబడాలి, అప్పుడు లోపలున్నవాడు మెడ తిప్పితే తప్ప చూడలేడు. నన్నడిగితే, తల్లిదండ్రులు లెక్కలోకి తీసుకోనిది నిద్ర. చాలాచోట్ల పన్నెండు గంటల షిఫ్టులు, కొత్తవాళ్ళకు రాత్రులు, తెల్లారి కోర్టులో సాక్ష్యం, ఆపైన ఎక్స్‌ట్రా డ్యూటీ. కొన్నేళ్ళకు మనిషిని నమిలేసేది అదే.

ఎఫ్‌బీఐ ఆలోచన మీకెందుకు వచ్చిందో తెలుసు. అదీ పోలీసు పనే, కాకపోతే చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ స్పెషల్ ఏజెంట్‌కి కనీసం 23 ఏళ్ళు ఉండాలి, డిగ్రీ ఉండాలి, రెండేళ్ళ ఫుల్‌టైమ్ అనుభవం ఉండాలి. ఆ డిగ్రీ క్రిమినల్ జస్టిస్‌లోనే ఉండాలని ఎక్కడా లేదు. టెక్సస్ పోలీసు లైసెన్సుకూ అక్కర్లేదు. ఈ డిగ్రీ మీద నాకున్న అనుమానం మొహమాటం లేకుండా చెప్తాను. రేపు మోకాలు దెబ్బతిన్నా, అయిదేళ్ళకు విసుగొచ్చి బయటికొచ్చినా, కంప్యూటర్ సైన్స్ పట్టా ఇంకో ఉద్యోగం ఇప్పిస్తుంది. క్రిమినల్ జస్టిస్ పట్టా ఎక్కువగా వదిలొచ్చిన గుమ్మానికే మళ్ళీ తీసుకెళ్తుంది. సైబర్ మాస్టర్స్ సంగతీ అంతే. షెరిఫ్ ఆఫీసుల్లో ఫోన్లలోంచి, ల్యాప్‌టాపుల్లోంచి ఆధారాలు తీసే సీట్లు బహు తక్కువ. వాటికి చాలావరకు గస్తీ తిరిగి డిటెక్టివ్ అయినవాళ్ళనే తీసుకుంటారు. మీ అబ్బాయి కోరుకుంటున్న దారే అక్కడికి దగ్గర దారి. పైగా ఎఫ్‌బీఐ ఏజెంటుగా దేశంలో ఎక్కడికి పంపినా వెళ్తానని ముందే ఒప్పుకోవాలి. కొడుకు అరగంట దూరంలో ఉండాలన్నది మీ కోరికైతే, కౌంటీ ఉద్యోగాన్ని మించింది లేదు.

షెరిఫా, సిటీయా అన్నదానికి సూటి జవాబు ఏజెన్సీని బట్టి మారుతుంది. తప్పకుండా తెలియాల్సినవి మాత్రం చెప్తాను. షెరిఫ్ నాలుగేళ్ళకోసారి ఎన్నికయ్యే మనిషి. సివిల్ సర్వీస్ రక్షణ (ఊరికే తీసెయ్యకుండా కాపాడే నిబంధనలు) లేని కౌంటీలో డిప్యూటీ ఉద్యోగం ఆయన ఇష్టం మీద నడుస్తుంది. ఆ రక్షణ ఉన్న నగరంలో తీసెయ్యడం అంత తేలిక కాదు. పెన్షన్‌లో కౌంటీల పథకం ఉద్యోగి దాచుకున్న సొమ్ముకు చట్టప్రకారం ఏటా 7 శాతం వడ్డీ వేస్తుంది. నగరాల పథకంలో చేరిన చాలా ఊళ్ళలో 20 ఏళ్ళ సర్వీసుకే రిటైర్ కావచ్చు. పట్టణ హద్దుల బయట రాత్రి తోడు కావాలంటే ఇంకో కారు ఎన్నో మైళ్ళ నుంచి రావాలి. నగరంలో నిమిషాల్లో వస్తుంది.

కౌంటీకి జైలు కూడా ఉంటుంది. కొన్ని ఆఫీసులు కొత్తవాళ్ళను ముందు అక్కడే పెడతాయి, ఎన్నాళ్ళో ఇంటర్వ్యూలోనే అడగమనండి. టెక్సస్ నియమం ప్రకారం 48 మంది ఖైదీలకు ఒక ఆఫీసర్. ప్రతి ఖైదీనీ గంటకొకసారైనా ముఖాముఖి చూడాలి, ఆత్మహత్య చేసుకుంటారని అనుమానం ఉన్నవాళ్ళను అరగంటకొకసారి. చూడకుండానే చూసినట్టు లాగ్‌లో రాస్తే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. జైలర్ లైసెన్సుకు 18 ఏళ్ళు చాలు కాబట్టి, వేసవిలో వాడు అక్కడ పనిచేసి చూడొచ్చు. ఆరు వారాల రాత్రి షిఫ్టు తర్వాత కూడా ఇదే మాట మీద ఉంటే మీరిక వాదించకండి.

పోలీసు అకాడమీ శిక్షణ 700 గంటలకు పైనే. చాలామంది తట్టుకుంటారు. తడబడేది ఆ తర్వాత నెలల తరబడి సాగే ఫీల్డ్ ట్రైనింగ్‌లో. పక్క సీట్లో ట్రైనర్ కూర్చుని రోజూ మార్కులు వేస్తాడు, చాలాచోట్ల 1 నుంచి 7 దాకా. తుపాకీ గురి కుదరక పోయేవాళ్ళకంటే, కారు నడుపుతూ రేడియో వినలేక, తనెక్కడున్నాడో చెప్పలేక, రిపోర్టు సరిగా రాయలేక పోయేవాళ్ళే ఎక్కువ. ఎవరు, ఎప్పుడు, ఏం చూశావు, అరెస్టుకు కారణమేమిటి అన్నవి తెల్లవారుజామున నాలుగింటికి వరస తప్పకుండా రాయగలగాలి. వాడికి మంచి ఇంగ్లిష్ వ్యాసాలు రాసే అలవాటుంటే అది కండబలం కంటే ఎక్కువ పనికొస్తుంది. కాస్త స్పానిష్ కూడా నేర్చుకోమనండి.

ఇప్పుడు వాడు చెడగొట్టుకోగలిగింది ఒకటుంది, రికార్డు. క్లాస్ బి నేరానికి (చిన్న నేరాల్లో ఒక తరగతి) శిక్ష పడితే పోలీసు లైసెన్సుకు పదేళ్ళు దారి మూసుకుపోతుంది. మొదటిసారి తాగి నడిపిన కేసు మామూలుగా ఆ క్లాసులోదే. గంజాయి నూనె వేప్ పెన్ గ్రాములోపు దొరికినా టెక్సస్‌లో ఫెలనీ, అంటే పెద్ద నేరం. అలాంటి కేసులో కోర్టు ప్రొబేషన్‌తో సరిపెట్టినా లైసెన్సు ఆశ వదులుకోవాల్సిందే. ఈ ఒక్క విషయంలో మీ భయాన్ని వాడి మీద ఎంత రుద్దినా తప్పులేదు.

పోలీసు లైసెన్సుకు 21 నిండేదాకా ఆగక్కర్లేదు, 60 కాలేజీ క్రెడిట్లు ఉంటే అర్హత వస్తుంది. అయినా డిగ్రీ మధ్యలో ఆపొద్దు. ఏ సబ్జెక్టు డిగ్రీ ఉన్నా పోలీసుల పై స్థాయి సర్టిఫికెట్లు తక్కువ ఏళ్ళలో వస్తాయి, వాటికి చాలా ఏజెన్సీలు అదనంగా జీతం ఇస్తాయి. ఈలోగా కౌంటీలోనూ నగరంలోనూ ఒక్కో రైడ్-అలాంగ్‌కి (ఆఫీసర్ కారులో కూర్చుని డ్యూటీ చూడటానికి) దరఖాస్తు పెట్టమనండి, శుక్రవారం రాత్రికి అడిగితే మంచిది. సొంత ఖర్చుతో అకాడమీలో చేరే తొందర వద్దు. రాష్ట్ర పరీక్ష పాసైనా ఏదో ఒక ఏజెన్సీ తీసుకునేదాకా లైసెన్సు రాదు. జీతమిచ్చి అకాడమీకి పంపే ఏజెన్సీలను ముందు వెతకమనండి. మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలన్న షరతు ఒప్పందంలో ఉందేమో సంతకానికి ముందు చదవాలి.

ఆ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ ఇన్వెస్టిగేటర్ మీ ఇంటికి ఫోన్ చేయొచ్చు, రావచ్చు కూడా. ఫారంలో వాడు ఉన్న ప్రతి అడ్రసూ, చేసిన ప్రతి ఉద్యోగమూ, కట్టిన ప్రతి స్పీడింగ్ టికెట్టూ రాయాలి. చిన్న తప్పుకంటే దాన్ని దాచడమే ఎక్కువమందిని ముంచుతుంది. మీవారు ఆయనతో ‘ఈ ఉద్యోగం నాకు సుతరామూ ఇష్టం లేదు’ అన్నా వాడికి నష్టం లేదు. అబద్ధం మాత్రం చెప్పొద్దనండి.