సీసాకు చిల్లులు పెట్టి చూడు

బెంగళూరు

అమ్ములూ,

ఆదివారం ఫోన్లో అన్నావే, "పీడనం సూత్రం వచ్చు తాతయ్యా, లెక్కే రావట్లేదు" అని. సూత్రానిదేముంది, పైన బలం, కింద వైశాల్యం, మధ్యలో గీత. నీ నోట్సు ఫొటో చూడగానే తప్పు దొరికింది. చదరపు సెంటీమీటర్లను చదరపు మీటర్లు చేసేటప్పుడు 100తో భాగించావు. 10,000తో భాగించాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ముగ్గులో సెంటీమీటరు గళ్ళు ఎన్ని పడతాయో ఊహించుకో, ఇక మరిచిపోవు.

ద్రవాల పీడనానికి మాత్రం పుస్తకం మూసి బాత్రూమ్‌కి వెళ్ళు. ఖాళీ వాటర్ బాటిల్‌కి పైన, మధ్యలో, అడుగున ఒక్కో చిల్లు పెట్టు. మేకు కాల్చే పని అమ్మకే వదిలెయ్. చిల్లులకు టేపు అంటించి, నిండా నీళ్ళు పోసి, మూత తీసే ఉంచి, నేల మీద పెట్టి టేపు లాగెయ్. అడుగు చిల్లు నీళ్ళే అన్నిటికంటే దూరం పడతాయని చాలా పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది. నేనూ ఏళ్ళ తరబడి బోర్డు మీద అదే గీశాను. ఒకసారి క్లాసులో చేసి చూపించబోతే మధ్య చిల్లు గెలిచింది! పిల్లలు ఒకటే నవ్వు. నా తప్పు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. అడుగున పీడనం ఎక్కువ, ధార వేగంగానే వస్తుంది. కానీ నేల పక్కనే ఉండటంతో సాగేలోపే పడిపోతుంది. అదే బాటిల్‌ను ఎత్తైన స్టూలు మీద పెట్టి మళ్ళీ చూడు, అడుగు ధార తడాఖా తెలుస్తుంది.

అది చూశాక, ట్యాంకు నెత్తిమీదే ఉన్నా మీ పై అంతస్తు షవర్ ఎందుకు ఏడుస్తుందో, కింద వాచ్‌మన్ కుళాయి ఎందుకు దూకుతుందో నీకే తెలుస్తుంది. ట్యాంకు ఎంత పెద్దదన్నది కాదు, నీటిమట్టానికి కుళాయి ఎంత దిగువన ఉందన్నదే లెక్క. 10 మీటర్లు దిగితే పీడనం సుమారు లక్ష పాస్కల్‌లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది.

నీళ్ళకే కాదు, గాలికీ పీడనం ఉంది. మీ చెన్నైలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగితే, సముద్రమట్టానికి 900 మీటర్ల పైనున్న మా ఊళ్ళో 97 దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదని మీ బామ్మ విసుగు. నేను చెబితే వినదు. దసరా సెలవులకు వచ్చి కారణం నువ్వే చెప్పు. బాటిల్ వీడియో మాత్రం ఈ వారమే పంపు.

తాతయ్య