చెక్క సైడింగ్ మార్పిస్తే ఎంతవుతుంది?

ప్రశ్న: మా రెండంతస్తుల ఇంటి బయటి గోడలకున్న చెక్క పలకలు (సైడింగ్) పాతబడ్డాయి. మార్చడానికి ఇద్దరు కాంట్రాక్టర్లను అడిగితే, ఒకరు చెప్పిన మొత్తం ఇంకొకరిదానికి ఒకటిన్నర రెట్లుంది. ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలి?

జవాబు: తక్కువ చెప్పినాయన చవక అని అప్పుడే అనుకోకండి. ఆయన కాగితంలో ఏం రాయలేదో చూడండి. పాత పలకలు ఊడదీసి తరలించడం, పరంజా, కిటికీల పైన రేకు, పలకల వెనక వాననీటిని ఆపే పొర, రంగు... తేడా ఎక్కువగా వీటి దగ్గరే వస్తుంది.

కొలత మీరే వేసుకోండి. ఇల్లు 40×30 అడుగులైతే చుట్టుకొలత 140. ఎత్తు 18 అడుగులనుకుంటే 2,520 చదరపు అడుగులు. పైకప్పు కింద రెండు వైపులా ఉండే త్రికోణాలు, 30 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు చొప్పున, కలిపి 240. తలుపులు, కిటికీలకు 250 తీసేస్తే 2,510. కోతల్లో పోయేదానికి 10 శాతం కలిపితే సుమారు 2,760.

చాలామంది బోల్తా పడేది దీని తర్వాతే. పలక వెడల్పు 7¼ అంగుళాలున్నా, అందులో 1¼ అంగుళం పై పలక కిందికి పోతుంది. కనిపించేది 6 అంగుళాలే. అంటే చదరపు అడుగుకు 2 అడుగుల పొడవు చొప్పున 5,520 అడుగుల పలక కావాలి. పూర్తి వెడల్పుతో లెక్కగడితే 950 అడుగులు తక్కువ పడి, పని మధ్యలో ఆగుతుంది.

అసలు భయం పలకల వెనక ఉంది. కిటికీ గడపల కింద, నేలకు దగ్గరి వరసల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే లోపలి ప్లైవుడ్ కూడా చివికి ఉండొచ్చు. ఊడదీసేదాకా ఎంత పాడైందో ఎవరూ చెప్పలేరు. అందుకే 4×8 అడుగుల షీటు ఒక్కటి మార్చడానికి ఎంతో ఒప్పందంలో ముందే రాయించుకోండి. పని మొదలయ్యాక అడిగితే బేరమాడే బలం మీకుండదు. ఇలాంటి వాటికి, మొత్తం ఖర్చులో 15 నుంచి 20 శాతం విడిగా పెట్టుకోండి. స్క్రూడ్రైవర్ నాలుగైదు చోట్ల దిగితే 25 అయినా ఎక్కువ కాదు.

ప్రైమర్ పలక నాలుగు వైపులా, కోసిన చివరలకూ పట్టించాలని రాయించండి. ముందువైపే పూస్తే వెనక తేమ పీల్చి పలక వంగుతుంది, రంగు పొరలుగా లేస్తుంది. మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువో, కరిగిన జింకులో ముంచి పూత వేసినవో ఉండాలి. మామూలు ఇనుము దేవదారు చెక్క మీద నల్లటి చారలు దించుతుంది. ఇల్లు బాగా పాతదైతే, గీకే ముందు రంగులో సీసం ఉందేమో పరీక్ష చేయించండి. ఉంటే కూలీ ఖర్చు పెరుగుతుంది.

అత్యవసర నిధిని దీనికి ముట్టుకోవద్దు. చాలకపోతే వాన ఎక్కువగా కొట్టే గోడ ముందు చేయించండి, పరంజా ఖర్చు రెండోసారి పడుతుందన్నది గుర్తుంచుకుని. బయానా సరుకు విలువ దాటనీయకండి. చివరి 10 శాతం, మీరు కిటికీల చుట్టూ పైపుతో నీళ్లు కొట్టించి చూశాకే ఇవ్వండి.